అయోడిన్ వేస్తే గుడ్డు తెల్లసొన చుట్టూ కూడా నీలం వచ్చింది. కనబడింది రాయాలా, పుస్తకంలో ఉన్నది రాయాలా?

ఏడో_తరగతి_నాన్న | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. ఈ వారం బడిలో ఆహారంలో పోషకాల పరీక్షలు చేయించారు. పిండిపదార్థానికి అయోడిన్, చక్కెరకు బెనడిక్ట్ ద్రావణం, ప్రోటీన్‌కు కాపర్ సల్ఫేట్, కాస్టిక్ సోడా, కొవ్వుకు కాగితం మీద మరక. పిల్లలు జట్లుగా చేశారు. మా పాప జట్టుకు వచ్చిన ఫలితాలు ఇవి.

అయోడిన్: బంగాళాదుంప, బ్రెడ్ నల్లబడ్డాయి. బాగానే ఉంది. కానీ ఉడికించిన గుడ్డు తెల్లసొన, కీరా, ఆపిల్ ముక్కల చుట్టూ కూడా నీలం వచ్చింది. వేడి వేడి అన్నం మీద వేస్తే మాత్రం ముందు రంగే సరిగ్గా రాలేదు, కాసేపటికి నల్లబడింది.

బెనడిక్ట్: పంచదార నీళ్లు పోసి వేడి చేస్తే నీలంగానే ఉండిపోయింది. పాలు మాత్రం రంగు మారాయి.

ప్రోటీన్: తెల్లసొనకు ఊదా రంగు రావాలి కదా, చిక్కటి ఆకాశనీలం వచ్చింది.

కాగితం: కీరా రుద్దినచోట కూడా మరక కనబడింది. కొవ్వు ఉంది అని రాసుకుంది.

టీచర్ గారు చూసి "ఇవన్నీ తప్పు, కొట్టేసి పుస్తకంలో ఉన్నట్టు రాసెయ్" అన్నారట. పాప ఇంటికొచ్చి ఏడ్చింది. "నాన్నా, నేను కళ్లారా చూశాను, నీలమే వచ్చింది, లేదని ఎలా రాయను?" అని అడుగుతోంది. నేను చదివింది కామర్స్, నా దగ్గర సమాధానం లేదు. రికార్డు గురువారం ఇవ్వాలి. ఏం రాయమంటారు?

---

ల్యాబ్_అక్క | ఆదివారం, రాత్రి 9:34

ముందు పాపకు చెప్పండి, తను చూసింది నిజమే. నేను స్కూల్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని. మీరు రాసినవన్నీ ప్రతి ఏడాదీ ఏదో ఒక బెంచీ మీద కనబడేవే. ప్రతిదానికీ కారణం ఉంటుంది.

రెండు విషయాలు అడిగి చెప్పండి. నీలం వచ్చింది తెల్లసొన ముక్క పైభాగం మీదా, లేక అంచుల దగ్గర, కిందా? ముక్కలు పెట్టింది దేని మీద?

---

ఏడో_తరగతి_నాన్న | ఆదివారం, రాత్రి 9:52

ఇప్పుడే అడిగాను. పైన పసుపు గోధుమ రంగులోనే ఉందట, చుట్టూ కింద నీలమట. నోటుబుక్కులోంచి చింపిన తెల్ల కాగితం మీద పెట్టారట.

---

ల్యాబ్_అక్క | ఆదివారం, రాత్రి 10:05

నేననుకున్నదే. నీలం అయింది గుడ్డు కాదండీ, కాగితం.

రాసుకునే కాగితం తయారీలో చాలాసార్లు పిండిపదార్థం కలుపుతారు. సిరా ఊరిపోకుండా, కాగితం గట్టిగా ఉండటానికి. ముక్క మీద వేసిన చుక్క జారి కాగితాన్ని తాకగానే నీలం తేలుతుంది. పింగాణీ పలకలో గానీ గాజు పలక మీద గానీ చేసి ఉంటే ఈ గొడవే ఉండదు. ఇంట్లో చేసి చూడాలంటే పింగాణీ ప్లేటు తీసుకోండి.

ఇంకోటి కూడా అడగండి. అన్నింటినీ ఒకే చాకుతో కోశారా? బంగాళాదుంప కోసిన చాకుకు తెల్లటి పాల లాంటి తడి అంటుతుంది, అదంతా పిండే. అదే చాకుతో ఆపిల్ కోస్తే కోసిన ముఖం మీద సన్నటి నీలి గీతలు వస్తాయి. నేనైతే బంగాళాదుంపను అన్నింటికంటే చివర కోయిస్తాను.

---

కర్బన_వలయం | ఆదివారం, రాత్రి 10:41

అన్నం సంగతి నేను చెప్తాను, అందులో మంచి రసాయన శాస్త్రం ఉంది.

పిండిపదార్థంలో రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోజ్ అనేది పొడవుగా ఉండి స్ప్రింగులా మెలితిరుగుతుంది. అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. మామూలు పిండిపదార్థాల్లో అమైలోజ్ సుమారు 20 నుంచి 30 శాతం. అయోడిన్ అణువులు ఆ స్ప్రింగు లోపలి ఖాళీలో వరుసగా దూరి కూర్చుంటాయి. అలా వరుసకట్టిన అయోడిన్ వెలుగును పీల్చుకునే తీరు మారిపోతుంది, మనకు చిక్కటి నీలం కనబడుతుంది. అమైలోపెక్టిన్ కొమ్మలు పొట్టివి కాబట్టి అక్కడ వచ్చేది ఎర్రటి ఊదా రంగే. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే దానిమీద అయోడిన్ వేస్తే నీలం కాకుండా ఎరుపు గోధుమ రంగు వస్తుంది. అది చూసి పిండిపదార్థం లేదనుకోకూడదు.

వేడిగా ఉన్నప్పుడు ఆ మెలిక వదులవుతుంది, అయోడిన్ బయటికి వచ్చేస్తుంది, రంగు పోతుంది. చల్లారితే మళ్లీ వస్తుంది. పాప చూసింది అదే! పలచటి గంజిలో ఒక చుక్క అయోడిన్ వేసి పరీక్షనాళికను వేడినీళ్లలో పెట్టి, తీసి చల్లార్చి చూపించండి. నీలం మాయమై తిరిగి రావడం కళ్ల ముందు కనబడుతుంది. మరీ ఎక్కువసేపు మరిగించకండి, అయోడిన్ ఆవిరై పోతే తిరిగి రాదు.

---

బడిపంతులు | సోమవారం, ఉదయం 6:20

నేను సైన్స్ టీచర్ని. ఆ టీచర్ గారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. నలభై నిమిషాల పీరియడ్, క్లాసులో యాభై మంది, ఉన్న పరీక్షనాళికలు పన్నెండు. అందులో నాలుగు పరీక్షలు. ఒక్కో జట్టుకు ఒక్కో ఫలితం వస్తుంటే కారణాలు వెతికే వ్యవధి ఉండదు. పరీక్షలో అడిగేది "పిండిపదార్థం ఉంటే ఏ రంగు వస్తుంది" అనే. పిల్లల మనసులో ఆ ముక్క తప్పుగా పడిపోతుందన్న టెన్షన్ మాకుంటుంది.

అయినా "కొట్టేసి రాయి" అనడాన్ని నేను ఒప్పుకోను. నా పద్ధతి చెప్తాను. రికార్డులో "నాకు కనబడింది" అని ఒక గడి, "రావలసింది" అని ఒక గడి, "తేడా ఎందుకు" అని మూడో గడి గీయిస్తాను. మూడో గడి ఖాళీగా ఉన్నా మార్కులు తగ్గించను. మీ పాపకు ఆ మూడో గడి ఇప్పటికే సగం నిండింది.

---

తొమ్మిది_బి | సోమవారం, సాయంత్రం 4:48

నాకో డౌటు. ఉప్పులో అయోడిన్ ఉంటుంది కదా. అన్నంలో ఉప్పు వేసుకుంటే అన్నం నీలంగా ఎందుకు మారదు?

---

కర్బన_వలయం | సోమవారం, సాయంత్రం 5:30

చక్కటి ప్రశ్న. ఉప్పులో ఉండేది విడి అయోడిన్ కాదు. పొటాషియం అయోడేట్ గానీ పొటాషియం అయోడైడ్ గానీ ఉంటుంది, అదీ చాలా కొద్దిగా. అమైలోజ్‌తో రంగు రావాలంటే విడి అయోడిన్ కావాలి, పక్కన అయోడైడ్ కూడా ఉండాలి. అయోడేట్, అయోడైడ్, ఆమ్లం మూడూ కలిస్తే విడి అయోడిన్ పుడుతుంది. ఉప్పులో అయోడేట్ ఉందో లేదో చూసే కిట్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి.

అయోడిన్ ద్రావణంలో పొటాషియం అయోడైడ్ కలపడం కూడా ఇందుకే. విడి అయోడిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, అయోడైడ్ తోడైతే కరుగుతుంది. 1811లో బెర్నార్డ్ కుర్త్వా సముద్రపు నాచు బూడిదతో పనిచేస్తుండగా ఊదా రంగు ఆవిరి లేవడం చూశాడు, అయోడిన్ అలా బయటపడింది. మూడేళ్లకే, 1814లో, పిండిపదార్థంతో అది నీలం అవుతుందని గుర్తించారు. అంటే మీ ఏడో తరగతి పరీక్షకు రెండు వందల ఏళ్లు దాటింది.

---

ల్యాబ్_అక్క | సోమవారం, రాత్రి 8:15

ఇక ప్రోటీన్ సంగతి. చిక్కటి ఆకాశనీలం వచ్చిందంటే కాపర్ సల్ఫేట్ ఎక్కువ పోశారు. దాదాపు ప్రతి జట్టూ ఇక్కడే పొరపడుతుంది. నీలం ద్రావణం చూడటానికి బాగుంటుంది కాబట్టి పిల్లలు డ్రాపర్ నిండా పిండేస్తారు. ఎక్కువైన కాపర్ సల్ఫేట్ కాస్టిక్ సోడాతో కలిసి నీలం రంగు ముద్దలా కాపర్ హైడ్రాక్సైడ్ అవుతుంది. ఊదా రంగు వచ్చినా దాని వెనక దాక్కుంటుంది.

నేను చేయించే తీరు ఇది. పచ్చి తెల్లసొన ఒక వంతుకు ఐదారు వంతుల నీళ్లు కలిపి మెల్లగా తిప్పుతాను. అందులోంచి రెండు మిల్లీలీటర్లు పరీక్షనాళికలోకి తీసుకుని, ముందుగా కాస్టిక్ సోడా ద్రావణం పది చుక్కలు. కలపాలి. తర్వాత పలచటి కాపర్ సల్ఫేట్ రెండే రెండు చుక్కలు, గోడ వెంబడి జారేలా. ఊపకుండా ఆ చుక్క దిగే దారి చూడండి, నీలం అంచు మెల్లగా ఊదా రంగులోకి తిరుగుతుంది. అప్పుడు కలపాలి. వేడి చేయకూడదు. వెనక తెల్ల కాగితం పట్టుకుంటే లేత ఊదా కూడా తెలుస్తుంది. పాలతో చేస్తే పాల తెలుపులో కలిసి మరీ లేతగా వస్తుంది, పక్కన నీళ్లతో చేసిన నాళిక పెట్టి పోల్చకపోతే కంటికి ఆనదు.

ఆ నీళ్ల నాళిక ప్రతి పరీక్షకూ ఉండాలి. ఏ ఆహారమూ లేకుండా మామూలు నీళ్లు, అవే చుక్కలు, అదే సమయం. అలాగే పిండి ఉందని ముందే తెలిసిన గంజి నాళిక ఒకటి. నీళ్ల నాళిక రంగు మారితే ద్రావణంలోనో పాత్రలోనో తప్పుంది, గంజి నాళిక మారకపోతే అయోడిన్ పాడైపోయింది. మీ పాప జట్టు ఖాళీ కాగితం మీద ఒక చుక్క వేసి ఉంటే అక్కడే దొరికిపోయేది.

---

తొమ్మిది_బి | సోమవారం, రాత్రి 8:31

ఈ ప్రోటీన్ పరీక్షను బైయూరెట్ పరీక్ష అంటారు కదా, అందులో బైయూరెట్ ఎక్కడుంది అక్కా?

---

కర్బన_వలయం | సోమవారం, రాత్రి 9:02

అక్క తరఫున నేను చెప్తాను. అందులో బైయూరెట్ లేదు. బైయూరెట్ అనేది యూరియాను వేడి చేస్తే వచ్చే పదార్థం. అది కూడా కాస్టిక్ సోడా లాంటి క్షార ద్రావణంలో కాపర్‌తో ఇదే ఊదా రంగు ఇస్తుంది, పరీక్షకు ఆ పేరు అలా వచ్చింది. ప్రోటీన్ గొలుసులో అమైనో ఆమ్లాలను కలిపి ఉంచే పెప్టైడ్ బంధాల దగ్గరి నత్రజని కాపర్‌ను పట్టుకుంటుంది. కనీసం రెండు బంధాలుండాలి. అందుకే గ్లైసిన్ లాంటి విడి అమైనో ఆమ్లం ఒక్కటీ పోస్తే ఊదా రాదు.

---

ఏడో_తరగతి_నాన్న | సోమవారం, రాత్రి 9:40

పాప నా పక్కనే కూర్చుని అన్నీ చదువుతోంది. కాపర్ సల్ఫేట్ ఒక డ్రాపర్ నిండా పోశామని ఒప్పుకుంది. చాకు కూడా ఒకటేనట. పంచదార ఎందుకు రాలేదో అడగమంటోంది. పంచదారలో చక్కెర లేదా అని.

---

బడిపంతులు | మంగళవారం, ఉదయం 6:05

ఉంది తల్లీ. బెనడిక్ట్ ద్రావణం అన్ని చక్కెరలనూ పట్టుకోదు, అంతే. పుస్తకాలు "చక్కెర పరీక్ష" అని ఒక్క ముక్కలో రాసేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే పిల్లలకు తెలిసిన చక్కెరల్లో మొదటిది పంచదారే. సరిగ్గా దాని దగ్గరే ఈ పరీక్ష నోరు విప్పదు.

బెనడిక్ట్ ద్రావణంలో కాపర్ సల్ఫేట్, సోడియం కార్బొనేట్, సోడియం సిట్రేట్ ఉంటాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పాలలోని లాక్టోజ్, మాల్టోజ్, వీటిని క్షయకరణ చక్కెరలంటాం. వేడి చేసినప్పుడు ఇవి కాపర్‌కు ఎలక్ట్రాన్లిస్తాయి, నీలం పోయి ఇటుక ఎరుపు రంగు కాపర్ ఆక్సైడ్ అడుగున దిగుతుంది. చక్కెర కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, నారింజ, బాగా ఉంటే ఇటుక ఎరుపు. పంచదార అంటే సుక్రోజ్. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎలక్ట్రాన్లిచ్చే చివరలే ఆ అతుకులో ఇరుక్కుపోయాయి కాబట్టి కాపర్ దగ్గరికి రాలేవు.

అతుకు విప్పితే వస్తుంది. పంచదార నీళ్లలో కొన్ని చుక్కల పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. చల్లార్చి, బుసబుస ఆగేదాకా వంటసోడా వేయాలి. ఆ తర్వాత బెనడిక్ట్ పోసి మళ్లీ వేడి చేస్తే ఎరుపు దిగుతుంది. వంటసోడా మానేస్తే పరీక్ష చెడుతుంది, క్షారం లేనిదే బెనడిక్ట్ పనిచేయదు.

---

వంటగది_సైన్స్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

హైడ్రోక్లోరిక్ ఆమ్లం బదులు నిమ్మరసం వేయొచ్చు కదా? నిమ్మరసంతో మరిగించినా పంచదార విరుగుతుంది.

---

బడిపంతులు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

విరుగుతుంది, నిజమే. కానీ నిమ్మరసంలో సొంతంగా కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి, విటమిన్ సి కూడా ఉంటుంది. విటమిన్ సి కూడా బెనడిక్ట్‌ను మార్చగలదు. అప్పుడు వచ్చిన ఎరుపు పంచదారదో నిమ్మకాయదో ఎలా చెప్తాం? పంచదార లేకుండా నిమ్మరసంతో మాత్రమే ఇంకో నాళిక పెట్టి పోల్చాల్సి వస్తుంది.

---

వంటగది_సైన్స్ | మంగళవారం, మధ్యాహ్నం 3:02

ఒప్పుకుంటున్నాను, అది ఆలోచించలేదు. విటమిన్ సి మాటొచ్చింది కాబట్టి ఇంకోటి: గంజిలో అయోడిన్ వేసి నీలం చేసి, దాంట్లో నిమ్మరసం చుక్కచుక్కగా వేయండి. నీలం విరిగిపోతుంది. విటమిన్ సి అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చేస్తుంది. ఎన్ని చుక్కలకు పోయిందో లెక్కపెడితే తాజా రసం, మరిగించిన రసం పోల్చుకోవచ్చు. వేళ్లకంటిన అయోడిన్ మరక కూడా నిమ్మచెక్కతో పోతుంది.

---

ఇద్దరి_అమ్మ | మంగళవారం, సాయంత్రం 6:10

కాస్టిక్ సోడా ఏడో తరగతి పిల్లల చేతికి ఇవ్వడం ప్రమాదం కాదా? మా అబ్బాయి బడిలో ఒకసారి చేతి మీద పడి చర్మం జారుడుగా అయిపోయిందని చెప్పాడు.

---

ల్యాబ్_అక్క | మంగళవారం, సాయంత్రం 7:25

ప్రమాదమేనండీ, తేలిగ్గా తీసుకోకూడదు. ఆ జారుడు అంటే చర్మం మీది కొవ్వు సబ్బుగా మారుతోందని అర్థం. మా దగ్గర కాస్టిక్ సోడా సీసా పిల్లల చేతికి ఇవ్వం, డ్రాపర్‌తో మేమే వేస్తాం, కళ్లద్దాలు లేనిదే బెంచీ దగ్గరికి రానివ్వం. చేతి మీద పడితే వెంటనే పారే నీళ్ల కింద చాలాసేపు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రాయకూడదు. కంట్లో పడితే కడుగుతూనే డాక్టర్ దగ్గరికి. ఇంట్లో ఈ పరీక్ష వద్దు.

కాపర్ సల్ఫేట్, అంటే మైలుతుత్తం, కడుపులోకి పోతే విషం. పరీక్ష చేసిన ముక్క ఏదైనా సరే, అయోడిన్ చుక్క పడిందైనా సరే, తినకూడదు.

ఇంట్లో చేసుకోదగ్గవి అయోడిన్, కాగితం మరక. పెద్దవాళ్లు పక్కనుండి, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడుకోవచ్చు.

---

కర్బన_వలయం | మంగళవారం, రాత్రి 9:20

కీరా మరక ఎవరూ చెప్పలేదు. అది నీటి మరక. కాగితం తెల్లగా కనబడటానికి కారణం నారల మధ్య ఇరుక్కున్న గాలి. వెలుగు నారలోంచి గాలిలోకి, మళ్లీ నారలోకి మారిన ప్రతిసారీ చెదురుతుంది. నూనె ఆ ఖాళీలు నింపితే చెదరడం తగ్గి వెలుగు అవతలికి దాటుతుంది. పక్కపక్కనున్న రెండింటి వక్రీభవన గుణకాలు (వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకెలు) ఎంత దగ్గరైతే చెదరడం అంత తక్కువ. నూనెది 1.47 దగ్గర, నారలది 1.5 దగ్గర, గాలిది 1. నీళ్లది 1.33 కాబట్టి తడి కాగితం కూడా కొంచెం వెలుగు దాటనిస్తుంది. కానీ నీళ్లు ఆరిపోతాయి, నూనె ఆరదు. మరకను పూర్తిగా ఆరనిచ్చి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడమనండి.

---

పండ్లతోట_విద్యార్థి | బుధవారం, ఉదయం 7:45

ఆపిల్ గురించి ఒక మాట. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఆపిల్‌లో పిండిపదార్థం బాగా ఉంటుంది, పండేకొద్దీ చక్కెరగా మారుతుంది. పండ్లతోటల్లో కోతకు సమయమైందో లేదో ఇదే అయోడిన్‌తో చూస్తారు. కాయను అడ్డంగా కోసి ద్రావణం పూస్తే గింజల దగ్గర ముందు తెల్లబడి, తెలుపు బయటికి పాకుతూ పోతుంది. ఎంత నీలం మిగిలిందో చూసి కోత నిర్ణయిస్తారు. కాబట్టి ఆపిల్‌కు నీలం "వస్తుంది" అన్నా "రాదు" అన్నా రెండూ కొన్ని రోజుల వరకే నిజం. అరటికాయ, అరటిపండు పక్కపక్కన పెట్టి చేస్తే ఈ తేడా ఇంట్లోనే కనబడుతుంది.

---

ఏడో_తరగతి_నాన్న | గురువారం, రాత్రి 8:50

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పింగాణీ ప్లేటు మీద మళ్లీ చేశాం. అయోడిన్ చుక్కలు నేను వేశాను, పాప చూసి రాసుకుంది. ప్రతి ముక్కకూ చాకు కడిగాం. తెల్లసొన పసుపు గోధుమ. కీరా అంతే. మా ఇంట్లో ఉన్న ఆపిల్ అంతే. బ్రెడ్, చల్లారిన అన్నం నల్లగా. అరటికాయ ముక్క వెంటనే నల్లబడింది, మచ్చలొచ్చిన పండు ముక్క మీద లేత గోధుమ రంగు అలాగే నిలిచింది. కీరా మరక గంటలో ఆరి కనబడకుండా పోయింది, వేరుశనగ మరక ఇంకా ఉంది. ఒట్టి నోటుబుక్కు కాగితం మీద చుక్క వేసిన క్షణం పాప ముఖం మీరంతా చూసి ఉండాల్సింది.

రికార్డులో పాత పేజీ కొట్టేయలేదు. బడిపంతులు గారు చెప్పినట్టు మూడో గడి గీసి, తెల్లసొన ఎదురుగా "కాగితంలో పిండి ఉంది" అనీ, ప్రోటీన్ పరీక్ష ఎదురుగా "కాపర్ సల్ఫేట్ ఎక్కువైంది, రెండు చుక్కలతో మళ్లీ చేయాలి" అనీ రాసింది. టీచర్ గారు చదివి, వచ్చే వారం ఆ పరీక్ష తనే రెండు చుక్కలతో క్లాసులో చేసి చూపిస్తానన్నారట.

ఇప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నింటి మీదా చుక్కలు వేయమంటోంది. నోటుబుక్కు నలుపు, కాఫీ వడపోత కాగితం గోధుమ రంగులోనే ఉంది. ఒక అట్టపెట్టె మాత్రం ఒకవైపు నీలం, రెండోవైపు ఏమీ లేదు. అతికించిన జిగురు వల్లనా అని అడుగుతోంది. ఎవరైనా చూశారా?

---

ల్యాబ్_అక్క | గురువారం, రాత్రి 9:14

చాలా అట్టపెట్టెల పొరలు అతికించేది పిండి జిగురుతోనే. ఆ నీలం వచ్చిన వైపు అట్టను తడిపి పొర విప్పమనండి. లోపల ముడతల కొనలు అంటుకున్నచోట చుక్క వేస్తే, జిగురు ఉంటే నీలం గీతలు గీతలుగా వస్తుంది. ఏం వచ్చిందో రాయమనండి.